బిల్లు కౌంటర్ వెనక బొగ్గు

కంకిపాడులో యూరియా కొనాలంటే రైతు ఆధార్ నంబరు చెప్పి ఈ-పోస్ మిషన్ మీద వేలు పెట్టాలి. ముద్ర పడితేనే బస్తా బండెక్కుతుంది. 2018కల్లా దేశమంతా వచ్చిన ఈ పద్ధతిని అంతకుముందే ప్రయోగాత్మకంగా నడిపి చూసిన కొద్ది జిల్లాల్లో కృష్ణా ఒకటి. అరచేతిలో పట్టే ఆ మిషన్ తాగే కరెంటు లెక్కలోకి రాదు. కానీ కౌంటర్ మీద అదొక్కటే లేదు. ట్యాలీ నడిచే డెస్క్‌టాప్, బల్ల కింద యూపీఎస్, ప్రింటర్, గోడకి వైఫై రౌటర్, అటక మీద సీసీ కెమెరాల డీవీఆర్ పెట్టె. వ్యాపారంలో వాడే కంప్యూటర్ల వల్ల పర్యావరణం మీద ఎంత భారం పడుతోందో కొలవాలంటే ఐటీ కంపెనీ దాకా వెళ్ళక్కర్లేదు. కొలతలోని చిక్కులన్నీ ఈ కౌంటర్ దగ్గరే ఎదురవుతాయి.

ప్లగ్గుకీ మిషన్‌కీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్లు బజార్లో దొరుకుతాయి. మామూలు డెస్క్‌టాప్, మానిటర్, యూపీఎస్ కలిపి 80 వాట్ల దగ్గర తిరుగుతాయనుకుందాం. రోజుకి పది గంటలు, ఏడాదికి 300 రోజులు అంటే 240 యూనిట్లు. డీవీఆర్, కెమెరాలు, రౌటర్ కలిపి 40 వాట్లే. కాని వాటికి రాత్రి లేదు, ఆదివారం లేదు. ఏడాది తిరిగేసరికి 350 యూనిట్లు! ఎవరూ కంప్యూటర్ అనుకోని పెట్టె అసలు కంప్యూటర్‌ని మించిపోయింది. ప్రింటరూ గట్రా కలిపితే మొత్తం 600 యూనిట్లు.

ఇక ఈ యూనిట్లను పొగలోకి మార్చాలి. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం, మనవాళ్ళ మాటలో వీటీపీఎస్, 1979 నుంచి బొగ్గు కాలుస్తోంది. 2023లో ఇంకో 800 మెగావాట్ల యూనిట్ కూడా జతపడింది. అలాగని కంకిపాడు ప్లగ్గులోకి వచ్చేది అచ్చంగా ఆ కరెంటే అనలేం. గ్రిడ్‌లో బొగ్గు, జల, సౌర, అణు విద్యుత్తులన్నీ కలిసిపోతాయి. అందుకే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ దేశం మొత్తానికి ఏటా ఒక సగటు ప్రకటిస్తుంది. అది యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. దారిలో తీగల్లో పోయేది పక్కన పెట్టినా మన కౌంటర్ వాటా ఏడాదికి 420 కిలోలు.

ఇక్కడ పాశ్చాత్య పత్రికల్లో తరచూ కనబడే మాట ఒకటి ఉంది. కంప్యూటర్ భారంలో ఎక్కువ భాగం అది ఫ్యాక్టరీలో తయారైనప్పుడే పడిపోతుందనీ, వాడకానిది స్వల్పమనీ. ల్యాప్‌టాప్ తయారీకి దాదాపు 200 నుంచి 300 కిలోలు పోతుందన్నది కంపెనీల లెక్కల ప్రకారం సబబైన అంకే. అది 20 వాట్లతో రోజుకి పది గంటలు నడిస్తే అయిదేళ్ళకి 300 యూనిట్లు. అణు విద్యుత్తు మీద నడిచే ఫ్రాన్స్‌లో యూనిట్‌కి పదుల గ్రాములే కాబట్టి అదంతా పది పదిహేను కిలోలతో సరి. మన దగ్గర 210 కిలోలు, తయారీతో ఇంచుమించు సమానం. డెస్క్‌టాప్‌కైతే అయిదేళ్ళకి 840 కిలోలు, అంటే కరెంటుదే పైచేయి. కాబట్టి పాత మిషన్‌ని ఎంతకాలం వీలైతే అంతకాలం వాడాలన్న సలహా ఫ్రాన్స్‌లో తిరుగులేనిది, కంకిపాడులో మాత్రం వాట్లు చూశాకే ఒప్పుకోవాలి. అక్కడి శాతాలను ఇక్కడ యథాతథంగా వల్లించడం నాకు బొత్తిగా నచ్చదు.

గీత ఎక్కడ గీయాలన్నది ఇంకో పేచీ. దుకాణంలో ఏసీ ఉంటే అది కంప్యూటర్ కోసమా, యజమాని కోసమా? డేటా సెంటర్లు ఈ తగువు ఒక నిష్పత్తితో తేల్చుకున్నాయి. కేంద్రానికి వచ్చిన మొత్తం కరెంటును సర్వర్లు వాడుకున్న దానితో భాగిస్తే వచ్చేది పీయూఈ. చాలాచోట్ల అది 1.5 పైనే, గూగుల్ తన కేంద్రాల సగటు 1.1 లోపే అంటోంది. అయితే ఆ అంకె పొదుపునే చెబుతుంది, కరెంటు బొగ్గుదో ఎండదో చెప్పదు. పైగా ఎక్కడో సౌర విద్యుత్తు కొన్నట్టు పత్రాలు తెచ్చుకుని, ఇక్కడ వాడిన కరెంటుకి సున్నా రాసుకునే వీలు కూడా లెక్కల పద్ధతుల్లోనే ఉంది. స్థానిక గ్రిడ్ సగటుతో వేసిన అంకె పక్కన లేకపోతే ఆ సున్నాను నమ్మకండి.

సెబీ 2022–23 నుంచి మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు పర్యావరణ నివేదిక తప్పనిసరి చేసింది. పెద్ద ఎరువుల కంపెనీలు కూడా అందులో పడతాయి. కాని సరుకు అమ్మే డీలర్ కౌంటర్ లాంటి గొలుసులోని భారం చెప్పడం వాళ్ళ ఇష్టానికే వదిలేసింది.

ఇంతకీ 420 కిలోలు ఎక్కువా, తక్కువా? యూరియా బరువులో అయిదో వంతు కర్బనం. 45 కిలోల బస్తాలో తొమ్మిది కిలోలు. మట్టిలో పడి విడిపోతే అది 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఫ్యాక్టరీలో కాలిన గ్యాసు, చేలోంచి లేచే నైట్రస్ ఆక్సైడ్ ఇందులో కలపలేదు. అయినా పదమూడు బస్తాలు బండెక్కితే కౌంటర్ ఏడాది లెక్క సమానమైపోతుంది. సీజన్‌లో అది ఒక పూట బేరం కూడా కాదు.

అందుకే ఎవరికి ఎన్ని బస్తాలు వెళ్ళాయో చెప్పే ఆ వేలిముద్రల లెక్క, భూసార పరీక్ష ఫలితంతో కలిసి ఊరి మొత్తంలో పదమూడు బస్తాలు తగ్గించగలిగితే కౌంటర్ తన పొగ తాను తీర్చుకున్నట్టే. మరి తగ్గినవి మిషన్ వల్ల తగ్గాయా, వానల్లేక తగ్గాయా? సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు మొదటిదే అంటారు. ఈ ‘ఆదా’ను అసలు ఉద్గారాల్లోంచి తీసివేయకుండా వేరే పద్దులో చూపించాలన్న నియమం ఉన్నది అందుకే.