చేయి ఆడుతున్నంత కాలం: వయసు పైబడిన గిటారు మరమ్మతుదారులకు కొన్ని మాటలు

చాలా సంఘాల్లో పాటల బృందానికి ఒక గిటారు ఉంటుంది. కాలేజీ పిల్లల చేతుల్లోనూ గిటార్లు కనిపిస్తున్నాయి. వాటిని బాగుచేసేవారు మాత్రం ఊరికి ఒకరో ఇద్దరో. ఇంటి ముందు గదిలోనో, చిన్న అద్దె కొట్టులోనో ఒంటరిగా సాగే వ్యాపారం అది. దానికి రిటైర్మెంటు లేదు, పింఛను లేదు. చేయి ఆడితేనే ఆ రోజు రాబడి. అందువల్ల అరవై దాటినవారు కళ్లు మసకబారినా, వేళ్లు తిమ్మిరెక్కినా ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తారు. చికిత్సకు లొంగే జబ్బులు కూడా ఇలా దాచుకున్నందువల్ల ముదిరిపోతాయి.

అటువంటి పెద్దవారి కోసం, వారి ఇంటివారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాము. వడ్రంగులు, వీణలు చేసేవారు, గడియారాలు బాగుచేసేవారు, కుట్టుపనివారు కూడా తమకు పనికివచ్చేది ఇందులో చూసుకోవచ్చు.

టోర్రెస్ గారి ముసలితనం

నేటి గిటారుకు రూపం దిద్దినవారిలో ముఖ్యులు స్పెయిన్ దేశస్థులైన ఆంటోనియో డి టోర్రెస్ (1817–1892). వడ్రంగిగా మొదలై సెవిల్ నగరంలో గిటార్ల తయారీలో గొప్ప పేరు తెచ్చుకున్నారు. అంత పేరున్నా 1870 ప్రాంతంలో ఆ పని ఆపి, సొంత ప్రాంతమైన అల్మేరియాకు వెళ్లి పింగాణీ సామాన్ల కొట్టు పెట్టుకున్నారు. 1875లో, అరవైకి దగ్గరపడుతున్న వయసులో, మళ్లీ గిటార్లు చేయడం మొదలుపెట్టారు. 75వ ఏట కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నారు. చివరి సంవత్సరాల్లో చేతులు వణుకుతుంటే, స్నేహితులైన ఒక పాదిరి గారు సున్నితమైన పనుల్లో చేయి అందించేవారని ఆయన జీవితం రాసినవారు చెబుతారు.

ఆయన పని ఆగలేదు గాని, పనిచేసే తీరు మారింది. రాబడికి మరో ఆధారం చూసుకున్నారు, ఇంకొకరి చేతి సాయం తీసుకున్నారు. మనవారికీ కావలసింది ఇదే.

కళ్లు

గిటారు పనిలో కొలతలు చాలా చిన్నవి. ఫ్రెట్టు ఎత్తు సుమారు ఒక మిల్లీమీటరే. నట్టులో తీగ కూర్చునే గాడి కొంచెం లోతైతే చాలు, తీగ జరజరలాడుతుంది. నలభై దాటాక వచ్చే చత్వారం ఈ పనిని మొదట దెబ్బతీస్తుంది. అంతేకాదు, ఇరవై ఏళ్లవారి కంటితో పోలిస్తే అరవై ఏళ్లవారి కంటి లోపలి పొరకు చేరే వెలుతురు సుమారు మూడో వంతే. కాబట్టి గదిలో పెద్ద లైటు ఉన్నా, బల్ల మీద చేతికి దగ్గరగా మరొక లైటు పెట్టుకోవాలి.

చదువుకునే అద్దాలు పుస్తకం పట్టుకునే దూరానికి ఇస్తారు. మీ పని దూరం వేరు కావచ్చు. కంటి నుండి బల్ల మీది గిటారుకు ఎంత దూరమో టేపుతో కొలిచి డాక్టరుకు చెప్పండి. శుక్లం ఆపరేషనుకు ముందు కూడా మీరు చేసే పని ఏమిటో చెప్పాలి. లోపల పెట్టే లెన్సు ఏ దూరానికి ఉండాలో అప్పుడే నిర్ణయిస్తారు. ఆపరేషను తరువాత డాక్టరు సరేననే వరకు చెక్క పొడి దగ్గరికి వెళ్లవద్దు.

ఇనుప తీగల గిటారులో ఆరు తీగలు కలిసి లాగే బలం సుమారు 70 కిలోలు. బిగువు మీద ఉన్న తీగను కత్తిరిస్తే కొస ఎగిరి కంటికి తగలవచ్చు. ముందు వదులు చేసి, తరువాతే కత్తిరించాలి. కంటికి అద్దాలు ఉండాలి.

చేతులు

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి రాత్రి నిద్ర లేపుతున్నాయా? చేయి విదిలిస్తే తగ్గుతున్నదా? మణికట్టు దగ్గర నరం నలిగితే ఇలా ఉంటుంది. దీనిని కార్పల్ టన్నెల్ అంటారు. షుగరు, థైరాయిడ్ ఉన్నవారికి ఇది ఎక్కువ. మొదట్లో వస్తే రాత్రిపూట మణికట్టుకు పట్టీతో చాలామందికి ఉపశమనం కలుగుతుంది. బొటనవేలి కింద కండ కరిగిపోయాక వస్తే, ఆపరేషను చేసినా బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

బొటనవేలి మొదట్లో నొప్పి కీలు అరుగుదల వల్ల కావచ్చు. ఆకురాయి పిడికి గుడ్డగాని పాత సైకిలు ట్యూబుగాని చుట్టి లావు చేయండి. సన్నని పిడిని నొక్కిపట్టే శ్రమ తగ్గుతుంది. మరలు తిప్పడానికి తీగ చుట్టే పిడి వాడండి. ఫ్రెట్లు పీకే పని రోజంతా ఒకేసారి పెట్టుకోకుండా రెండు మూడు రోజులకు పంచుకోండి.

వణుకులు అన్నీ ఒకటి కావు. పని చేస్తుంటే వచ్చే వణుకు వేరు, చేయి ఊరక ఉన్నప్పుడు వచ్చేది వేరు. థైరాయిడ్ వల్ల, ఆస్తమాకు పీల్చే కొన్ని మందుల వల్ల కూడా చేతులు వణుకుతాయి. ముసలితనం అనుకుని వదిలేయక, వాడుతున్న మందులన్నీ తెచ్చి చూపించండి.

షుగరు వల్ల వేళ్లలో స్పర్శ తగ్గినవారు సోల్డరింగ్ ఐరన్ దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. కాలినది తెలియదు, పుండు త్వరగా మానదు. పని ముగించగానే వేళ్లను వెలుతురులో చూసుకోవడం అలవాటు చేసుకోండి. షుగరు మందు వేసుకుని, భోజనం మానేసి ఉలి పట్టవద్దు.

ఊపిరి, చెవులు

చెక్క పొడి ముక్కులోను, ముక్కు చుట్టూ ఉన్న గాలి గదులలోను క్యాన్సరు కలిగించగలదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లో ప్రకటించింది. గిటారు మెడకు వాడే రోజ్‌వుడ్ పొడి కొందరికి చర్మంపై దురద, దద్దుర్లు, ఆయాసం తెస్తుంది. మూతికి రుమాలు కట్టుకుంటే సన్నని పొడి ఆగదు. ఎన్ 95 మాస్కు ముఖానికి సరిగ్గా అంటుకునేలా పెట్టుకోవాలి. పొడిని చీపురుతో రేపకుండా తడిగుడ్డతో తుడవాలి. మాస్కు థిన్నరు ఆవిరిని ఆపదు. కాబట్టి లక్క, వార్నీషు పనులు ఆరుబయట, పొయ్యికి దూరంగా చేయాలి. ఇంట్లో పడుకునే గదిలో ఈ పని అసలే వద్దు.

వయసుతో ముందుగా తగ్గేది సన్నని స్వరాల వినికిడి. శ్రుతికి ఎలక్ట్రానిక్ ట్యూనరు వాడటం చిన్నతనం కాదు. జరజర శబ్దం పోయిందో లేదో గిటారు తెచ్చిన కుర్రవాడినే వాయించి చెప్పమనండి.

కొట్టు నడిపే తీరు

శరీరానికి తగ్గట్టు వ్యాపారాన్ని సర్దుకోవాలి. తీగలు మార్చడం, తీగల ఎత్తు సరిచేయడం, మరలు బిగించడం తేలిక పనులు. మెడ ఊడదీసి అతకడం, ఫ్రెట్లన్నీ మార్చడం బరువు పనులు. బరువు పని వారానికి ఎన్ని చేయగలరో లెక్క వేసుకుని, అంతకు మించితే వద్దని చెప్పండి. రేటు గోడ మీద రాసి పెట్టండి. అడ్వాన్సు తీసుకోండి. ప్రతి గిటారుకు పేరు, తేదీ రాసిన చీటీ కట్టండి. గడువు చెప్పేటప్పుడు ఆస్పత్రికి వెళ్లే రోజులు కూడా కలిపి చెప్పండి. అప్పుడు మందుల తేదీ తప్పదు, ఇచ్చిన మాటా తప్పదు.

పని నేర్చుకునే ఒకరిని దగ్గర పెట్టుకోండి. మీకు తెలిసినది వారికి, వారి కళ్లు, వేళ్లు మీకు సాయం. కొలతలు, కొనే చోట్లు, రావలసిన బాకీలు ఒక నోటుబుక్కులో రాసి ఇంటివారికి చూపించండి. మీరు నెల రోజులు పడకలో ఉన్నా ఇతరుల గిటార్లు ఎవరివి వారికి చేరతాయి.

ఎప్పుడు రావాలి?

రాత్రి తిమ్మిరి రెండు వారాలు దాటినా, చేతిలోని వస్తువు జారిపోతున్నా, కొత్తగా వణుకు మొదలైనా, ముక్కులో ఒకవైపే రక్తం గాని దిబ్బడ గాని తగ్గకపోయినా ఆలస్యం చేయవద్దు. చూపు హఠాత్తుగా తగ్గితే ఆ రోజే రండి. వచ్చేటప్పుడు వాడుతున్న మందులు, అద్దాలు, కొలిచిన పని దూరం రాసిన కాగితం తెచ్చుకోండి.

70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 2024 అక్టోబరులో విస్తరించారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రిలో చేరి పొందే చికిత్సకు ఇది వర్తిస్తుంది. కార్డు కోసం ఆధార్ కావాలి. ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో ముందే అడిగి తెలుసుకోండి.

ఇంటివారికి ఒక మాట. నాన్నగారో తాతగారో దీపం ఇంకా దగ్గరకు జరుపుకుంటున్నా, ఒక పనిని పదేపదే వాయిదా వేస్తున్నా, వారు నోటితో చెప్పనిది అదే కావచ్చు. పని మానేయమని పోరకండి. తోడు వచ్చి ఒకసారి చూపించండి.