చూసేందుకు కాదు, తిరిగేందుకు

అమెరికాలో పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు తమ బళ్ళను రెండు రకాలుగా విడదీసి మాట్లాడుకుంటారు. ఒకటి ప్రదర్శన బండి. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఏ బోల్టు ఏ రంగులో ఉందో ఇప్పుడూ అదే రంగులో ఉండాలి. ట్రైలరు మీద తీసుకెళ్ళి, తుడిచి నిలబెట్టి, బహుమతి పట్టుకుని మళ్ళీ ట్రైలరు మీదే ఇంటికి తెచ్చుకుంటారు. రెండోదాన్ని ‘డ్రైవర్’ అంటారు. అది తిరిగే బండి. దగ్గరికెళ్ళి చూస్తే రంగు అక్కడక్కడ కలవదు, ఒక తలుపు సందు కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. కానీ తాళం తిప్పితే స్టార్టవుతుంది, బ్రేకు తొక్కితే ఆగుతుంది.

అక్కడ ఈ మాటలు ఎక్కువగా మజిల్ కార్ల చుట్టూ తిరుగుతాయి. 1964లో పాంటియాక్ కంపెనీ ఒక మధ్యరకం కారులో 6.4 లీటర్ల ఇంజిన్ కూర్చి జీటీవో పేరుతో అమ్మింది. సాధారణమైన ఒళ్ళు, మితిమీరిన ఇంజిన్. ఆ కోవ కార్లు పదేళ్ళు రోడ్లను ఏలాయి. 1973 చమురు సంక్షోభంతో జోరు తగ్గింది. ఇప్పుడు ఆ కార్లను మళ్ళీ కట్టుకునేవాళ్ళకి అక్కడ కొరత లేదు. 1960ల నాటి మస్టాంగ్ బాడీని మొత్తంగా కొత్త రేకుతో చేసి అమ్మే కంపెనీలే ఉన్నాయి.

మన దేశంలో మజిల్ కారు అన్న పేరు ఏ బండికైనా తగిలిస్తే అది కాంటెస్సాకే. హిందుస్థాన్ మోటార్స్ 1984లో తెచ్చిన కారది. బ్రిటన్‌లో వాక్స్‌హాల్ కంపెనీ పక్కన పెట్టేసిన నమూనాను బెంగాల్లో మళ్ళీ పోతపోశారు. పొడవాటి బానెట్ చూసి లోపల ఏదో పెద్ద ఇంజినే ఉందనుకుంటాం. మొదట్లో అక్కడ ఉన్నది అంబాసిడర్‌లో వాడే 1489 సీసీ ఇంజినే. హార్స్‌పవర్ యాభై చుట్టుపక్కల. తర్వాత ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్ వచ్చాకే ఆ రూపానికి తగ్గ పరుగు వచ్చింది.

అయినా నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో కూర్చుని పాత సామానుతో బండి కడతానని ఎవరైనా అంటే, కాంటెస్సా జోలికి పోవద్దనే చెబుతాను. ఇంజిన్‌తో ఇబ్బంది లేదు. అదే ఇసుజు ఇంజిన్ తర్వాత అంబాసిడర్‌కీ వచ్చింది కాబట్టి సామాను దొరుకుతుంది. ఇబ్బందంతా ఒంటితోనే. కాంటెస్సాకు వేరే ఛాసిస్ లేదు, రేకుల పెట్టే దాని ఎముకల గూడు. కింద సిల్లు తుప్పుపడితే ఊడిపోయేది అందం ఒక్కటే కాదు, బండి బలమే పోతుంది. పైగా దాని అద్దాలు, తలుపులు మన దగ్గర ఇంకే బండికీ సరిపోవు, ఇంకే బండివీ దానికి రావు. 2002లో తయారీ ఆగిపోయిన కారు వెనకద్దం పగిలితే ఆ అద్దం కోసం ఇంకో కాంటెస్సా చచ్చిపోవాలి.

ఈ ప్రాంతంలో పాత ఇనుములోంచి మళ్ళీ లేచి తిరిగే బండి జీపు. మజిల్ కారు కాదు, దాని అన్న వరస అనుకోవచ్చు.

రాయలసీమ జీపంటే సినిమాలకు గుర్తొచ్చేది వేరు. నంద్యాల చుట్టూ ఉన్నది నల్లరేగడి నేల. కేసీ కాలవ కింద పొలాల దారిలో వానాకాలం ఒకసారి కాలు పెట్టి చూస్తే, నాలుగు చక్రాలూ లాగే బండి ఈ సీమకు ఎందుకు కావాల్సి వచ్చిందో తెలుస్తుంది. ఇక ఆళ్లగడ్డ దాటి అహోబిలం వెళ్తే సంగతి ఇంకా తేటగా ఉంటుంది. నవ నరసింహుల్లో పావన నరసింహస్వామి గుడి నల్లమల లోపల ఉంది. బండరాళ్ళూ వాగులూ దాటుకుంటూ భక్తుల్ని అక్కడికి చేర్చేవి జీపులే. ఆ దారిలో కొత్త కారు సస్పెన్షన్ ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేం గానీ, జీపు కమాను కట్ట విరిగితే ఆళ్లగడ్డలో సాయంత్రానికి పట్టీ మార్చుకోవచ్చు.

జీపుకి ఈ సౌకర్యం ఎక్కడిదంటే దాని వంశంలోదే. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధం అయిపోయాక మిగిలిన వాటిలో కొన్ని ఎడంచేతి స్టీరింగుతోనే మన దేశంలో డిస్పోజల్ సరుకుగా వేలానికొచ్చాయి. 1945లో మొదలైన మహీంద్రా కంపెనీ ఆ దశాబ్దం చివర్లో విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించింది, తర్వాత ఇక్కడే తయారుచేసింది. 1953లో విల్లీస్ తెచ్చిన సీజే-3బీ, ఎత్తు బానెట్ జీపు, అమెరికాలో ఎప్పుడో ఆగిపోయింది. మన దగ్గర దాని సంతతి ఎమ్ఎమ్ 540 అనీ 550 అనీ పేర్లు మార్చుకుంటూ 2010లో థార్ వచ్చేదాకా నడుస్తూనే ఉంది. అరవై ఏళ్ళకు దగ్గరగా ఒకే వంశం. అందుకే ఒక తరం జీపు సామాను ఇంకో తరం జీపుకి చాలా వరకు కూర్చుంటుంది. అమెరికాలో కంపెనీలు పెట్టి తయారుచేసుకుంటున్న సౌకర్యం మనకు పెద్ద మార్పు రాకపోవడం వల్ల ఊరికే దక్కింది.

(రిపేరు చేసిన పాత జీపులంటే మన ప్రభుత్వానికీ ఒక చేదు జ్ఞాపకం ఉంది. స్వతంత్ర భారతంలో తొలి కుంభకోణంగా చెప్పుకునేది 1948 నాటి జీపుల వ్యవహారమే. లండన్‌లో హైకమిషనర్‌గా ఉన్న వి.కె.కృష్ణమీనన్ సైన్యానికి జీపుల కోసం 80 లక్షల రూపాయల ఒప్పందం చేస్తే, దిగినవి 155. అవీ పనికిరానివి.)

కట్టడం మొదలుపెట్టేటప్పుడు చాలామంది ముందు ఇంజిన్ వెతుకుతారు. ముందు కొనాల్సింది కాగితం. ఛాసిస్ మీద చెక్కిన నంబరు, ఆర్‌సీ పుస్తకంలో ఉన్న నంబరు రెండూ కలవాలి. ఏపీ 21 అని మొదలయ్యే పాత కర్నూలు జిల్లా రిజిస్ట్రేషన్ ఇంకా బతికే ఉందా, పన్ను బాకీలున్నాయా అన్నది రవాణా శాఖ రికార్డులో చూసుకోవాలి. ఛాసిస్ నంబరు అరిగిపోయిందని అనుమతి లేకుండా తిరగకొట్టించడం, వేరే బండి నంబరున్న ముక్క కోసి అతికించడం నేరం. చవగ్గా వచ్చిందని కాగితం లేని గూడు తెచ్చి, దాని మీద ఎంత ఖర్చు పెట్టినా చివరికి అది తుక్కే.

కాగితం కుదిరాక ఛాసిస్‌ను చూడాలి. జీపులో రెండు పొడవాటి ఇనప దూలాలు, మధ్యలో అడ్డ కమ్ములు. బాడీని కొన్ని బోల్టులు విప్పి పైకెత్తి పక్కన పెట్టొచ్చు. ఇదే కాంటెస్సాకు లేని భాగ్యం. బాడీ లేపాక దూలాల మీద సుత్తితో కొడుతూ పోవాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట మోత చచ్చిపోతుంది. మూలకు మూల తాడుతో కొలిచి రెండు కొలతలూ సమానమో కాదో చూడాలి. ఎప్పుడో బోల్తా పడ్డ బండయితే అక్కడ దొరికిపోతుంది. రంగు, లప్పం ఎంత మందంగా ఉంటే అనుమానం అంత ఎక్కువ పడాలి.

సామాను కోసం నంద్యాల నుంచి మనుషులు మూడు వైపులకు పోతారు. హైదరాబాద్ జాంబాగ్, పుత్లీబౌలి, విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట. గుజిరీ కొట్లలో బేరం ఒక విద్య, దాన్ని రాసి నేర్పలేం. ఏది పాతది కొనొచ్చు, ఏది కొనకూడదు అన్నది మాత్రం చెప్పొచ్చు. బరువు మోసే మందపాటి ఇనుము పాతదైనా ఫరవాలేదు: హౌసింగులు, గేరుబాక్సు కేసు, ఇంజిన్ బ్లాకు, కమాన్లు, చక్రాలు. కొలిచి, పగులు లేదని చూసుకుంటే చాలు. ఆపేవీ, తిప్పేవీ, రబ్బరుతో చేసినవీ మాత్రం పాతవి తేవద్దు. బ్రేకు హోసులు, వీల్ సిలిండర్ కప్పులు, స్టీరింగ్ జాయింట్లు, ఆయిల్ సీళ్ళు కొత్తవే కావాలి. పదేళ్ళు కొట్టులో పడున్న రబ్బరు పైకి ఎంత నిగనిగలాడినా లోపల బీటలు వారి ఉంటుంది. తిరిగే బండికీ, తిరిగినట్టు కనిపించే బండికీ తేడా అంతా ఈ చిన్న సామాను దగ్గరే తేలుతుంది. దురదృష్టం ఏమంటే ఇది ఎవరికీ కనపడదు, కాబట్టి డబ్బులు చివర్లో అయిపోయినప్పుడు మొదట కోత పడేదీ దీనికే.

పాత సామానుతో కట్టే జీపుల్లో ఎక్కువగా జరిగే తప్పు హౌసింగుల దగ్గర. ముందు ఇరుసు ఒక మోడల్ బండిది, వెనక ఇరుసు ఇంకో మోడల్‌ది తెచ్చి బిగిస్తారు. రెండూ కమాన్ల మీద చక్కగా కూర్చుంటాయి, రోడ్డు మీద బాగానే పోతుంది కూడా. ఫోర్ వీల్ వేసిన రోజు బయటపడుతుంది. లోపల క్రౌన్, పినియన్ పళ్ళ లెక్క ముందూ వెనకా ఒకటే ఉండాలి. క్రౌన్‌కు 43 పళ్ళు, పినియన్‌కు 8 ఉంటే షాఫ్టు 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. క్రౌన్‌కు 39 ఉంటే 4.88. ముందు ఒకటి, వెనక ఇంకొకటి పడితే ఫోర్ వీల్లో వంద మీటర్లు పోయేలోగా ఒక జత చక్రాలు దాదాపు పది మీటర్లు జారి తీరాలి. బురదలో జారతాయి కాబట్టి తెలియదు. గట్టి రాతి మీద జారలేక టైరు తింటుంది, ఆ తర్వాత గేరు పన్ను విరుగుతుంది. పావన నరసింహస్వామి దారిలో ఆ శబ్దం వినాలని ఎవరికీ ఉండదు.

దీన్ని కనిపెట్టడానికి హౌసింగ్ విప్పక్కర్లేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒక చక్రాన్ని నేల మీదే ఉంచి, దాని జత చక్రాన్ని జాకీతో లేపి సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి. ఆలోపు ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో సుద్దగీత పెట్టి లెక్కపెడితే అదే నిష్పత్తి. రెండు చుట్లెందుకంటే, ఒక చక్రం కదలకుండా ఉన్నప్పుడు డిఫరెన్షియల్ రెండోదాన్ని రెట్టింపు తిప్పుతుంది. షెడ్డులోనే చేసుకోగల పరీక్ష ఇది.

ఈ నిష్పత్తిలోనే ఇంకో నిర్ణయం దాగుంది. జీపు చిన్న టైర్లతో 5.38 ఉన్న బండి గంటకు 80 కిలోమీటర్లు పోవాలంటే టాప్ గేర్లో ఇంజిన్ నిమిషానికి 3,200కు పైగా చుట్లు తిరగాలి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడప పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద ఆ బండి గోల పెడుతుంది, వెనక లారీ హారన్ కొడుతుంది. అదే బండి అడవిలో లో గేరు వేసి క్లచ్ వదిలేస్తే మనిషి నడకతో రాళ్ళెక్కుతుంది. రెండూ కావాలనుకునేవాడు రెండిట్లోనూ అవస్థ పడతాడు. నా లెక్కలో 60 దాటని జీపే సరైన జీపు.

ఇంజిన్ విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. సీజే-3బీలో వచ్చిన 2.2 లీటర్ల హరికేన్ పెట్రోల్ ఇంజిన్ వినడానికి బాగుంటుంది, తాగడానికీ బాగా తాగుతుంది. అందుకే ఎన్నో పెట్రోల్ జీపులు ప్యూజో డీజిల్ ఇంజిన్‌కు మారాయి. 2112 సీసీ. ఏదైనా సరే, స్టార్ట్ చేయించి ఆయిల్ మూత తీసి చూడాలి. అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పున కొడితే బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టే, రింగులూ బోరూ అరిగాయి. బోరింగ్ చేయించి పై సైజు పిస్టన్లు వేయించొచ్చు. అయితే ఇంతకుముందే ఎన్నిసార్లు బోరు కొట్టించారో కొలిపించాలి, గోడ పల్చబడ్డ బ్లాకుకు వైద్యం లేదు. కాగితంలో లేని ఇంజిన్ బిగించాలంటే ముందే ఆర్టీవో అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.

బ్రేకుల దగ్గర మాత్రం పాతదాని మీద భక్తి వద్దు. పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ ఒకే ఆయిల్ లైను. ఒక్క హోసు పగిలితే నాలుగూ పోతాయి. ముందుకీ వెనక్కీ వేర్వేరు లైన్లు ఉండే జంట మాస్టర్ సిలిండర్ వేయడం అవసరం. ప్రదర్శన బండివాడు దీన్ని ఒప్పుకోడు, అసలు బండిలో లేదంటాడు. అతనికి ఘాట్ రోడ్డు దిగే పని లేదు.

చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 2021లో కేంద్రం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన బండికి 20,000 రూపాయలు కట్టి ‘వీఏ’ అక్షరాలున్న నంబరు తీసుకోవచ్చు. కానీ ఆ నంబరుతో రోజూ తిరగకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, ఇంధనానికి మాత్రమే బయటికి రావాలి. పొలానికి పోయే జీపుకు అది పనికిరాదు. దానికి మామూలు రిజిస్ట్రేషనే, పదిహేనేళ్ళ తర్వాత ఐదేళ్ళకోసారి పునరుద్ధరణ. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము ఐదు వేలు. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో పది వేలకు పెంచారు.

బండి పూర్తయ్యాక మొదట నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా పోయి రావడం మంచిది. దాదాపు నలభై కిలోమీటర్ల రహదారి, పెద్ద ఎత్తుపల్లాల్లేవు, ఆగిపోతే దారి పొడవునా మెకానిక్ షెడ్లున్నాయి. తిరిగొచ్చాక ఇంజిన్ ఆయిల్ మార్చి, యూ బోల్టులన్నీ మళ్ళీ బిగించాలి. కొత్తగా బిగించిన కమాన్లు మొదటి ప్రయాణంలో తప్పకుండా సర్దుకుంటాయి. ఇదంతా ఒకటి రెండుసార్లు అయ్యాకే గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ రోడ్డు ఎక్కించాలి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి. కింద ఆపి, డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడాలి, తాకకుండా. నాలుగింట్లో ఒకటి చల్లగా ఉంటే ఆ చక్రానికి బ్రేకు పట్టడం లేదని అర్థం.