‘మాలపిల్ల’ చలనచిత్రము – భాష, జీవితదృష్టి

చలనచిత్రమును సారస్వత పరిశోధనకు విషయముగా గ్రహింపవచ్చునా యను సందేహము మన తెలుగు శాఖలలో చిరకాలముగా నున్నది. నాటకమును దృశ్యకావ్యమని యంగీకరించి, యక్షగానమును, వీథిభాగవతమును పరిశీలనయోగ్యములని యెంచిన మనము, అక్షరజ్ఞానము లేనివారు సైతము చూచి మాటలు కంఠస్థము చేసికొన్న ప్రక్రియను గడపకు వెలుపల నుంచుట యుక్తము కాదని మా యభిప్రాయము. ఒక చిత్రము ప్రజల జీవితదృష్టిని మార్చినదనుట సులభము. ఏ యంశమున మార్చినది, ఏ సాధనముచే మార్చినది, ఎచ్చట నాగిపోయినది యని చూపుట కష్టము. 1938లో వెలువడిన ‘మాలపిల్ల’ను గైకొని యీ ప్రశ్నను విచారింతము.

తెలుగున తొలి సంపూర్ణ వాక్చిత్రము ‘భక్తప్రహ్లాద’ 1932లో వచ్చినది. తరువాతి యైదారేండ్లలో వచ్చిన చిత్రములలో నధికభాగము పురాణకథలే. రంగస్థలముపై నప్పటికే పేరుపడిన నాటకములను, పద్యములతోను రాగాలాపనలతోను, యథాతథముగా తెర కెక్కించుట నాటి యాచారము. 1936లో ‘ప్రేమవిజయము’ సాంఘికకథను చేపట్టినను ఆ మార్గము స్థిరపడలేదు. ‘ప్రజామిత్ర’ సంపాదకుడుగా నుండిన గూడవల్లి రామబ్రహ్మము ఈ స్థితిలో చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాదు అండతో సారథి సంస్థ పక్షమున ‘మాలపిల్ల’ను తీసెను. కథ గుడిపాటి వెంకటచలము వ్రాసెను; సంభాషణలు తాపీ ధర్మారావు కూర్చెను. 1933లోనే మరణించిన బసవరాజు అప్పారావు గీతములును ఇందు చేరినవి. భీమవరపు నరసింహారావు సంగీతము సమకూర్చెను. పత్రికాసంపాదకుడు దర్శకుడు, కథకుడు చలము, మాటల రచయిత మఱియొక పత్రికాసంపాదకుడు: ఈ కూడికయే యా చిత్రము నాటకశాలనుండి గాక పత్రికాలోకమునుండి పుట్టినదని తెలుపుచున్నది.

కాలమును గమనింపవలెను. 1933 డిసెంబరులో గాంధీజీ హరిజనోద్ధరణ యాత్ర చేయుచు ఆంధ్రదేశమునకు వచ్చెను. 1936 నవంబరు 12న తిరువాన్కూరు సంస్థానమున దేవాలయ ప్రవేశ ప్రకటన వెలువడెను. మధుర మీనాక్షి యాలయమున హరిజనులు ప్రవేశించినది 1939 జూలై 8న. మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశమునకు సంబంధించిన శాసనము తరువాతనే వచ్చినది. 1938 సెప్టెంబరున విడుదలయైన ‘మాలపిల్ల’ ఈ రెంటి నడుమ నిలిచినది. శాసనము తీర్పక ముందే ప్రజల యెదుట ప్రశ్నను బెట్టిన చిత్రమిది.

కథ యందరెఱిగినదే. కల్యాణపురమున ఆలయాధికారము సుందరరామశాస్త్రిది. హరిజనులను గుడిలోనికి రానీయరాదని శాస్త్రి పక్షము. రానీయవలెనని గాంధేయుడైన చౌదరయ్య పక్షము. శాస్త్రి కుమారుడు నాగరాజు మాలపిల్లయైన శంపాలతను ప్రేమించి, ఆమెతోను ఆమె చెల్లెలితోను కలకత్తాకు పోవును. తుదకు అగ్నిప్రమాదమున చిక్కిన శాస్త్రి భార్యను ఒక హరిజనుడు రక్షింపగా శాస్త్రి మనసు మారును. గుడి తలుపులు తెరువబడును. శాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావు, శంపాలతగా కాంచనమాల నటించిరి.

కథ కన్న మేము ముఖ్యముగా నెంచునది భాష. సంస్కృత నాటకములలో రాజును మంత్రియు సంస్కృతము పలుకగా స్త్రీలును సేవకులును ప్రాకృతము పలుకుట నియమము. మన పౌరాణిక నాటకములలో నిదే మఱియొక రూపమున నిలిచినది. దేవతలకును రాజులకును గ్రాంథికము, పద్యము. వాడుకమాట వచ్చెనన్న నది హాస్యపాత్ర నోట. అనగా వాడుకభాష నవ్వుటకు గాని, వాదించుటకును దుఃఖించుటకును పనికిరాదని ప్రేక్షకుని చెవి యలవాటు పడినది. ‘మాలపిల్ల’లో ఈ కట్టు తెగినది. శాస్త్రి తన ఇంటిలో మాటాడినట్లే తెరపై మాటాడును. మాలవాడలోని వారు తమ న్యాయమును తమ మాటలలో అడుగుదురు. ఆచారవాదమునకు దేవభాషాగౌరవము తొలగిపోయి, అది యొక యూరి తగవుగా కనబడెను. ఊరి తగవైనప్పుడు ఎవరైనను నోరెత్తవచ్చును గదా! ఆ చిత్రము దృష్టిని మార్చినదనుటకు మా ప్రథమ కారణమిది.

సాంఘికచర్చకు వాడుకభాష నంతకుముందు ఎవ్వరును తేలేదని మేమనము. గురజాడ ‘కన్యాశుల్కము’ 1892లోనే ప్రదర్శింపబడినది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటి ‘మాలపల్లి’ నవల వాడుకభాషతోనే నడిచి, ప్రభుత్వ నిషేధమునకు గురియైనది. అయినను నవల చదువరి చేతికే యందును. ఎవరి జీవితమును గూర్చి వ్రాయబడినదో వారిలో పెక్కుమందికి నాడది యందలేదు; చిత్రము అందినది. గిడుగు రామమూర్తి యింకను జీవించియున్న కాలమది. పాఠ్యపుస్తకములలో గ్రాంథికమే రాజ్యమేలుచుండెను. ధర్మారావు పర్లాకిమిడిలో గిడుగు శిష్యుడు. అయినను తొలుత గ్రాంథికాభిమానియై, పిదప ‘జనవాణి’ని వాడుకభాషలో నడిపిన వాడు. ఆయన వ్యావహారికపక్షమునకు సభలకన్న సినిమాశాలలోనే యెక్కువ మేలు చేసెనని మాకు తోచును. (ఈ మాటను మేము గ్రాంథికమున వ్రాయుట చదువరులకు నవ్వు పుట్టింపవచ్చును. శాఖాసంప్రదాయమును మేమును దాటలేకపోతిమి.)

రెండవది పేరు. మాలయను శబ్దము నాడు ఊరిలో తిట్టుగా చెల్లుచుండినది. గాంధేయులు దానిని విడిచి హరిజనశబ్దమును ప్రచారము చేయుచున్న దినములలో రామబ్రహ్మము ఆ మాటనే శీర్షికగా నుంచెను. చిత్రమును చూడగోరినవాడు, వాడెంతటి యాచారవంతుడైనను, దాని పేరు పలుకక తప్పదు. మూడవది ప్రదర్శనశాల. అందు నేల, బెంచి, కుర్చీ యను విభాగములు డబ్బునుబట్టి యేర్పడినవి. ధన భేదము ఉండనే యున్నది. అయినను గుడిలో కూడరానివారు గుడినిగూర్చిన కథను ఒకే కప్పుక్రింద చూచుట చిన్న విషయము కాదు.

ఇక లోపములు. చిత్రమున శాస్త్రి మారుట వాదమున నోడి కాదు, ఋణపడి. తన భార్యను రక్షించినందున హరిజనుడు గుడికి అర్హుడైనాడు, రక్షింపకున్నచో? హక్కు కావలసినది ఇచ్చట బహుమానమైనది. శంపాలతయు కలకత్తాలో నాగరికత నేర్చిన పిమ్మటనే కోడలుగా నంగీకార్యయగుట, ఆమె మారవలెనేగాని లోకము మారనక్కఱలేదను భావమునకు చోటిచ్చుచున్నది. కథ వ్రాసినవారును, మాటలు కూర్చినవారును, తీసినవారును ఆ వాడకు వెలుపలివారే. మూడేండ్లకు, 1941లో, జాషువ ‘గబ్బిలము’ వెలువడినది. అందు నాయకుడు తనకు ప్రవేశము లేని గుడిలోనికి గబ్బిలమును పంపి శివునితో మొఱపెట్టుకొనును. అతడెవ్వరిని అగ్నినుండి రక్షింపలేదు; ఎవ్వరి కృపను వేడలేదు; తన యాకలినే సాక్ష్యముగా చూపినాడు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి బోధించినచో విద్యార్థులకు సంస్కరణదృష్టికిని బాధితుని దృష్టికిని గల యంతరము వేఱుగా చెప్పనక్కఱ యుండదు.

ఒక చిత్రము నిజముగా తగిలినదా యనుటకు దాని నెదిర్చినవారే కొలబద్ద. రామబ్రహ్మము మఱుసటి యేడు, 1939లో, బళ్లారి రాఘవ ప్రధానపాత్రధారిగా ‘రైతుబిడ్డ’ను తీసెను. ప్రకాశము పంతులు అధ్యక్షుడుగా నుండిన సంఘము జమీందారీ సమస్యపై 1938లో నివేదిక సమర్పించియుండెను. ఊరూర నది చర్చనీయముగా నుండెను. చిత్రముపై జమీందారులు ఆగ్రహించిరి. కొన్నిచోట్ల ప్రదర్శన నిషేధింపబడెను. ఆ చిత్రమునకు పెట్టుబడి పెట్టినవాడును జమీందారే యనుట వింత. గుడి తలుపు తెరువవలెనన్న చిత్రమును సహింపగలిగిన వర్గము భూమి మాట రాగానే సహింపలేకపోయినది.

రామబ్రహ్మము 1946లో మరణించెను. మద్రాసు రాష్ట్రమున జమీందారీలు 1948 నాటి శాసనముచే రద్దయినవి. 1955లో అదే సారథి సంస్థ పక్షమున ‘రోజులు మారాయి’ని తీసి రైతు, భూమి, భూస్వామి కథను మరల తెరకెక్కించిన దర్శకుడు తాపీ చాణక్య, ధర్మారావు కుమారుడు. ఈసారి ఆ కథకు ప్రజలు బ్రహ్మరథము పట్టిరి.