బుడ్డి మీది అచ్చు, బోర్డు మీది చిరునామా

పాత సీసాలు, సరుకుల చెక్కపెట్టెలు, రేకు డబ్బాలు, దుకాణాల ముందు కొట్టిన ఎనామిల్ బోర్డులు, బీడీకట్టల లేబుళ్లు, కంపెనీలు ఉచితంగా పంచిన క్యాలెండర్లు ఏరి దాచుకునే అలవాటు నాణేలు, తపాలా బిళ్లల సేకరణకు తమ్ముడి వరుస. నాణేన్ని అచ్చువేసేది ప్రభుత్వం కాబట్టి ఏ ఏడు ఎన్ని వేశారో ఎక్కడో రాసి ఉంటుంది. సోడా సీసాకు ఆ యోగం లేదు. ఊళ్లో ఒకాయన సోడా కొట్టు పెట్టి, తన పేరు అచ్చుపోయించిన సీసాలు తెప్పించి, కొన్నేళ్లు నడిపి మూసేస్తే ఆ కొట్టు సంగతి చెప్పేందుకు సీసా తప్ప ఇంకేదీ మిగలదు. ఈ సేకరణకు విలువ వచ్చేది ఇక్కడే. ధర పలికే వస్తువుల కన్నా, ఏ కాగితంలోనూ లేని చిన్న వ్యాపారాల ఆనవాళ్లే ఇందులో ముఖ్యం.

ఇలాంటి ఆనవాళ్లకు నారాయణఖేడ్ లాంటి సరిహద్దు ఊరు మంచి చోటు. నిజాం రాజ్యంలో ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956 నవంబరు 1న భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. నారాయణఖేడ్ తాలూకా మాత్రం మెదక్ జిల్లాలో కలిసి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక ఊరు సంగారెడ్డి జిల్లాలోకి చేరింది. ఊరు కదల్లేదు గానీ చిరునామాలో జిల్లా రెండుసార్లు మారింది. పాత బిల్లు మీదో, దుకాణం సంచి మీదో ‘జిల్లా బీదర్’ అని ఉంటే అది 1956కు ముందు అచ్చయిందని అనుకోవచ్చు. ‘మెదక్ జిల్లా’ అని ఉంటే ఆ తర్వాతి అరవై ఏళ్లలో ఎప్పటిదైనా కావచ్చు.

లిపి కూడా ఇలాగే సాయపడుతుంది. నిజాం కాలంలో ఉర్దూ రాజభాష. అంగట్లో మాత్రం తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ అన్నీ వినిపించేవి. హైదరాబాద్ నుంచి ఈ వైపు సరుకు పంపే కంపెనీ ఒకే డబ్బా మీద రెండు మూడు లిపులు అచ్చువేయించుకోక తప్పేది కాదు. ఏ లిపి పైన ఉంది, ఏది కింద చిన్నగా ఉంది, ఏది అసలు లేదు అని చూస్తే ఆ సరుకు ఎవరి కోసం వచ్చిందో తెలుస్తుంది. చదువురాని కొనుగోలుదారు కోసం బొమ్మ ఉండనే ఉంటుంది. పులి, ఏనుగు, గడియారం, తాళంచెవి లాంటి గుర్తులతో సరుకు అడిగి తీసుకునేవారు.

సీసాల్లో పెద్దపీట గోలీ సోడాదే. లండన్‌కు చెందిన హైరమ్ కాడ్ 1870ల తొలినాళ్లలో దీనికి పేటెంటు పొందాడు. పని తీరు తెలివైనది. సీసా మూతిలో రబ్బరు వాచరు, లోపల గాజు గోలీ ఉంటాయి. నీళ్లు పోసిన సీసాను ఇనుప చట్రంలో బిగించి, సిలిండర్ నుంచి గ్యాసు వదులుతూ చట్రాన్ని గిరగిరా తిప్పుతారు. తలకిందులైనప్పుడు గోలీ మూతి దగ్గరికి జారుతుంది. లోపల నిండిన గ్యాసే దాన్ని వాచరుకు అదిమి పెడుతుంది. అంటే మూత వేసేది సోడాయే, వేరే బిరడా అక్కర్లేదు. తాగేటప్పుడు గోలీని లోపలికి నొక్కితే కీచుమని గ్యాసు బయటికి తన్నుకొస్తుంది. మెడ దగ్గర రెండు సొట్టలు ఉంటాయి. సీసా వంచినప్పుడు గోలీ వాటి మీద ఆగి, ధారకు అడ్డం పడకుండా ఉంటుంది. సొట్టలు ఏ వైపు ఉన్నాయో చూసి సీసా పట్టుకోవడం తాగేవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

ఇన్ని వేల సీసాలు చేసినా పాతవి ఎందుకు దొరకవు అంటే కారణం పిల్లలే. గోలీల కోసం సీసాలు పగలగొట్టడం ఇంగ్లండులోనూ తెలంగాణలోనూ ఒకే కథ. మిగిలినవి కొట్టు మూతబడ్డాక గాజు పెంకులుగా తూకానికి పోయాయి. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని సాస్నీలో ఉన్న ఖండేల్వాల్ గ్లాస్ వర్క్స్ ఈ సీసాలను చాలాకాలం తయారుచేసింది. జపానులో రామునే అనే పానీయం ఇప్పటికీ గోలీ సీసాలోనే వస్తుంది.

సీసా వయసు చెప్పడానికి పాశ్చాత్య పుస్తకాలు ఒక సూత్రం ఇస్తాయి. అచ్చు అతుకు గీత మూతి అంచు దాకా వెళితే యంత్రంతో చేసింది, మెడ దగ్గరే ఆగిపోతే మూతి చేత్తో తీర్చింది, కాబట్టి పాతది అని. అమెరికాలో మైకేల్ ఓవెన్స్ యంత్రం 1903లో వచ్చాక అక్కడ ఈ లెక్క బాగానే కుదురుతుంది. ఇక్కడ దీన్ని నమ్ముకుంటే దెబ్బతింటారు. మన చిన్న గాజు కార్ఖానాల్లో నోటితో ఊది, చేత్తో మూతి తీర్చే పని ఎంతో కాలం నడిచింది. పైగా గోలీ సీసాకు ముందు గోలీ వేసి ఆ తర్వాతే మూతి బిగించాలి కాబట్టి అది ఎంత కొత్తదైనా చేతి పనిలాగే కనిపిస్తుంది. గాజులో బుడగలు, ఇసుకలోని ఇనుము వల్ల వచ్చే లేత ఆకుపచ్చ రంగు కూడా వయసుకు రుజువులు కావు. అన్నిటికన్నా నమ్మదగినది ఉబ్బెత్తుగా అచ్చుపోసిన పేరూ ఊరూ.

గోలీని పక్కకు నెట్టింది రేకు మూత. బాల్టిమోర్‌కు చెందిన విలియం పెయింటర్ 1892లో దానికి పేటెంటు తీసుకున్నాడు. తెలుగునాట ఆ దారిలో పెరిగిన పానీయాల్లో అప్పటి తూర్పు గోదావరి జిల్లా రామచంద్రపురం వారి ఆర్టోస్‌ది ప్రత్యేక స్థానం. 1919లో మొదలైన ఆ సోడా వ్యాపారం 1955లో ఆర్టోస్ పేరు పెట్టుకుంది. నారాయణఖేడ్ వైపు దొరికేవి ఎక్కువగా దేశమంతా తిరిగిన సీసాలే. విదేశీ వాటాలపై వచ్చిన చట్టం కారణంగా కోకా కోలా 1977లో దేశం వదిలి వెళ్లింది. ఆ ఖాళీలో థమ్సప్, కాంపా కోలా పెరిగాయి. జనతా ప్రభుత్వం కూడా డబుల్ సెవెన్ అనే కోలాను తెచ్చింది. అది ఎక్కువ కాలం నిలవలేదు, అందుకే దాని సీసా, మూత సేకర్తలకు ఆశ పుట్టిస్తాయి. 1993లో కోకా కోలా తిరిగొచ్చి థమ్సప్, గోల్డ్ స్పాట్ సహా పార్లే కంపెనీ పానీయాలను కొనేసింది. ఇరవై నాలుగు గళ్ల చెక్క క్రేట్లు ఆ తరానివే. తర్వాత ప్లాస్టిక్ వాటి చోటు తీసుకుంది. పాత చెక్క క్రేట్లలో చాలావరకు కోళ్లగూళ్లయ్యాయి, పొయ్యిలో కట్టెలయ్యాయి.

రేకు డబ్బాల సంగతి వేరు. అవి ఇంట్లో మరో పనికి వచ్చాయి కాబట్టే బతికాయి. 1937లో మార్కెట్లోకి వచ్చిన డాల్డా పసుపుపచ్చ డబ్బా మీద తాటి జాతి చెట్టు బొమ్మ ఉండేది. వనస్పతి అయిపోయాక అందులో పప్పులు పోశారు, తులసి మొక్క పెట్టారు, బావి దగ్గర నీళ్లు తోడారు. గ్యాస్‌నూనె (కిరోసిన్) డబ్బాలను కోసి రేకును తలుపులకూ కప్పులకూ కొట్టారు. అలాంటి తలుపు వెనక ఇంకా బర్మా షెల్ పేరు కనిపిస్తే అది 1976కు ముందుది. ఆ ఏడాది ప్రభుత్వం ఆ కంపెనీని తీసుకుంది, తర్వాత అదే భారత్ పెట్రోలియం అయింది.

హైదరాబాద్ కంపెనీల వస్తువులే ఈ ప్రాంత సేకరణకు అసలు రుచి. 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్ చిన్న సీసాలో వస్తుంది. దగ్గు, జలుబు, కడుపునొప్పి, ఏదైనా నాలుగు చుక్కలు. లేబుల్ మీద కనిపించేది నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా సంతతి సిద్దీ యోధుడి బొమ్మ. అదే సంస్థ ఫారూఖీ పళ్లపొడి డబ్బాలు కూడా ఇళ్లల్లో కనిపిస్తాయి. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం తర్వాత మద్రాసుకు మారింది. బొంబాయి చిరునామా ఒక్కటే ఉన్న లేబుల్ తగిలితే ఆగి చూడాల్సిందే. చార్మినార్ సిగరెట్ల వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ 1930లో నమోదై 1983లో వీఎస్‌టీ ఇండస్ట్రీస్‌గా పేరు మార్చుకుంది. డబ్బా మీద కంపెనీ పేరు చూస్తేనే వయసు సగం తెలుస్తుంది.

మిగతా సగం చిన్న అక్షరాల్లో ఉంటుంది. సిగరెట్ పెట్టె మీద ఆరోగ్య హెచ్చరిక తప్పనిసరి చేస్తూ 1975లో చట్టం వచ్చింది. హెచ్చరిక లేని పెట్టె అంతకు ముందుదే అయ్యే అవకాశం ఎక్కువ. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందు, ‘నయా పైసలు’ అని ఉంటే 1957, 1964 మధ్య. హాలీ సిక్కాలో ధర ఉంటే అది నిజాం రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానంగా చెల్లేవి. సేర్లు, తులాలు పోయి గ్రాములు వచ్చింది 1958, 1962 మధ్య. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కు ముందుది కానే కాదు. అయితే ఒక మెలిక ఉంది. పొదుపరి దుకాణదారు పాత కాగితాన్ని పారేయడు. ఏళ్లు గడిచినా అదే బిల్లు పుస్తకం మీద కొత్త జిల్లా పేరు రబ్బరు స్టాంపు కొట్టి వాడతాడు. కాబట్టి ఇలాంటి గుర్తులు చెప్పేది అచ్చయిన కాలాన్నే. వాడకం ఎప్పటి దాకా సాగిందో అవి చెప్పలేవు. స్టాంపు పడిన బిల్లు శుభ్రమైన బిల్లు కన్నా ఎక్కువ చెబుతుంది, సేకర్తలు మాత్రం తరచుగా శుభ్రమైనదాన్నే కోరుకుంటారు.

నకిలీల బెడద ఎక్కువగా ఉన్నది ఎనామిల్ బోర్డుల్లో. అసలు బోర్డు అంటే ఇనుప రేకు మీద గాజుపొడి పూతను బట్టీలో కరిగించి అతికించినది. ఒక్కో రంగుకు ఒక్కో పూత, మళ్లీ ఒక్కో కాల్పు. అందుకే అక్షరం అంచు మీద వేలు ఆనిస్తే సన్నటి మెట్టు తగులుతుంది. అచ్చు రంగు వేసిన కొత్త రేకులో ఆ మెట్టు ఉండదు. అసలుదానిలో పూత పెచ్చు ఊడేది మేకు కొట్టిన చోట, అంచుల్లో, లేదా రాయి దెబ్బ తగిలిన చోట. తుప్పు అక్కడి నుంచే, లోపలి నుంచి నల్లగా పాకుతుంది. ఆమ్లం పూసి తెప్పించిన తుప్పు ఎర్రగా, అంతటా ఒకేలా, మేకు రంధ్రాలతో సంబంధం లేకుండా ఉంటుంది. మేకు గుర్తే లేని ‘పాత’ బోర్డు గోడ ఎక్కిందా అన్న ప్రశ్న ముందే వేసుకోవాలి.

ఇవి దొరికే చోట్లు తెలిసినవే. మూతబడిన కిరాణం దుకాణాల వెనక గది, అటకలు, వాడుకలో లేని దొరల గడీల కొట్లు, పాత సామాన్లు తూకానికి కొనేవారి బండ్లు, వారం వారం జరిగే అంగడి. హైదరాబాద్‌లో గురువారాల్లో జరిగే జుమేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత, ఆబిడ్స్ పేవ్‌మెంట్లు పాత వస్తువులకు పేరున్నవి. అంగట్లో కొన్న వస్తువుకు ఒక లోటు ఉంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మేవాడికే తెలియదు. దుకాణం యజమాని చేతి నుంచి నేరుగా తీసుకున్న ఒక్క డబ్బా, దానితో పాటు ఆయన చెప్పిన నాలుగు మాటలు రాసిపెట్టుకున్న చీటీ కలిస్తే అంగట్లో కొన్న పది వస్తువులకు సమానం. ఎవరిచ్చారు, ఏ దుకాణంలో ఉంది, ఎప్పుడు తెచ్చారు అన్నవి వస్తువుకు విడిగా, చెరగని సిరాతో రాయాలి.

శుభ్రం చేయడంలో తొందర పనికిరాదు. సీసాను కుంకుడు రసం కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, లోపల గుప్పెడు బియ్యం వేసి ఊపితే మడ్డి ఊడుతుంది. మరిగే నీళ్లు పోస్తే పాత గాజు చిట్లుతుంది. మట్టిలో ఏళ్లపాటు ఉన్న సీసా మీద ఇంద్రధనుస్సులా మెరిసే పొర గాజు క్షీణించడం వల్ల వచ్చింది. తోమితే అది పోదు. కాగితం లేబుల్ ఉన్న సీసాను అసలు నానబెట్టకూడదు. లేబుళ్లనూ క్యాలెండర్లనూ టేపుతో అతికిస్తే కొన్నేళ్లకు గోధుమరంగు మరక మిగులుతుంది. మందు సీసాల్లో మిగిలిన ద్రవాన్ని వాసన చూసే అలవాటు మానుకోవాలి. పాత మందుల్లో విషాలు ఉండేవి.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన చారిత్రక వస్తువులు పురావస్తువుల కింద లెక్క. వాటిని దేశం దాటించడానికి వీల్లేదు. 1920ల నాటి వస్తువులు ఇప్పుడు ఆ గీత దగ్గరికి వచ్చేశాయి. నేల తవ్వినప్పుడు దొరికిన పది రూపాయలకు మించిన విలువైన వస్తువును కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతుంది. కోటలు, పాత గుళ్ల వంటి రక్షిత స్థలాల్లో తవ్వడం నేరం. పడిపోయిన గడీ గోడల మధ్య సీసాల కోసం గడ్డపార ఎత్తే ముందు, ఆ స్థలం ఎవరిది, ఏ జాబితాలో ఉంది అని తహసీల్దారు కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.