గంట మోగిన వారం

పిల్లలూ! ఫైరింజను గంట కొట్టుకుంటూ వీధిలో పోతుంటే మీరంతా పరిగెత్తుకు వచ్చి చూస్తారు. కాని ఆ బండి కదలటానికి ముందు ఏం జరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? అది తెలుసుకుందామని 2025 ఏప్రిల్ 14 సోమవారం మొదలు వారం రోజులు నేను మా పట్టణంలోని అగ్నిమాపక కేంద్రానికి వెళ్ళి కూర్చున్నాను. అక్కడి అధికారి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. "తప్పకుండా రండి, మాస్టారూ! అయితే గంట మోగిందంటే మీతో మాట్లాడే తీరిక ఉండదు," అన్నాడు.

ఆ వారాన్నే ఎంచుకోవటానికి కారణం ఉన్నది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకున్నది. దానిలో పత్తి బేళ్ళతోపాటు సుమారు 1,400 టన్నుల మందుగుండు ఉన్నది. మధ్యాహ్నం 12:30 ప్రాంతంలోనే దాని పొగ పక్క ఓడలవాళ్ళ కంటపడింది, కాని ఎవరూ కబురు చెయ్యలేదు. ఆ ఓడవాళ్ళకు సంగతి తెలిసేసరికి రెండు గంటలు కావచ్చింది. సాయంత్రం 4:06కు ఓడ పేలిపోయింది. మంటలార్పుతున్న 66 మంది అగ్నిమాపక భటులు చనిపోయారు. వారిని తలుచుకుంటూ ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు మన దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు.

సోమవారం ఉదయం మా కేంద్రంలో కూడా అందరూ వరసగా నిలబడి మౌనం పాటించారు. ఆ తరవాత కాసేపటికే గంట మోగింది. ఒక పల్లెలో గడ్డివాము అంటుకున్నదట. పైన ఎన్ని నీళ్ళు పోసినా వాము ఆరదు. నీరు పైపైనే జారిపోతుంది, లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. అందుచేత భటులు పొడుగాటి కొంకులతో గడ్డిని లాగి, విడదీసి, తడిపారు.

మంగళవారం ఒక వంటింట్లో బాణలిలోని నూనె అంటుకున్నది. కంగారులో ఎవరో చెంబుడు నీళ్ళు పోశారు. ఏమయిందో తెలుసా? నీరు నూనెకన్నా బరువు గనక అడుక్కు దిగింది. ఆ వేడికి క్షణంలో ఆవిరి అయి, మండే నూనెను పైకి విసిరికొట్టింది. పొయ్యి ఆర్పేసి, బాణలి మీద మూత పెట్టి ఉంటే గాలి అందక మంట దానంతటదే చచ్చేది.

బుధవారం వచ్చిన కబురు మంటను గురించి కాదు. పాడుబడిన బావిలో పడ్డ బొక్కెన కోసం దిగిన మనిషి స్పృహ తప్పాడు. ఇంకొకడు దిగబోతుంటే ఊరివాళ్ళు పట్టి ఆపారు. ఆపటమే మంచిదయింది! అటువంటి బావుల అడుగున ఆకూ అలమూ కుళ్ళి ప్రాణవాయువు తగ్గిపోతుంది. గాలికన్నా బరువయిన బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. ఒక భటుడు వీపుకు గాలిసిలిండరు కట్టుకుని, ముఖానికి తొడుగు పెట్టుకుని దిగి, మనిషిని తాళ్ళతో పైకి పంపాడు. వేళకు కబురు అందబట్టి బతికాడు.

గురువారం గంట మోగలేదు. ఆ రోజంతా వాళ్ళు గొట్టాలు ఆరబెట్టారు, పంపు నడిపి చూశారు, బండి తొట్టి నింపారు. దానిలో 4,500 లీటర్ల నీరు పడుతుంది.

శుక్రవారం పగలు 11 గంటలకు, "మిల్లు అంటుకున్నది, రండి!" అని ఫోను వచ్చింది. ఎనిమిది కిలోమీటర్లు వెళ్ళి చూస్తే అక్కడ మంటా లేదు, పొగా లేదు. సరిగా అదే సమయానికి ఊరికి అవతలి వైపున్న పాకల నుంచి నిజమైన కబురు వచ్చింది. మా కేంద్రానికి ఉన్నది ఒక్కటే బండి! అది వెనక్కు తిరిగి చేరేసరికి రెండు పాకలు బూడిద అయిపోయాయి. మనుషులు బయటపడ్డారు గాని, పలుపు విప్పే వ్యవధి లేక ఒక పెయ్యదూడ చచ్చిపోయింది.

శనివారం ఆ ఫోను చేసినవాణ్ణి తండ్రే వెంటబెట్టుకు వచ్చాడు. బడికి పోయే కుర్రవాడు. అధికారి వాణ్ణి తిట్టలేదు. నన్నూ వాణ్ణీ ఆ పాకల దగ్గరికి తీసుకుపోయాడు. ఒక ముసలామె బూడిదలో నుంచి గిన్నెలు ఏరుకుంటున్నది. కుర్రవాడు చాలాసేపు తల ఎత్తలేదు. తరవాత వెళ్ళి ఆమె పక్కన కూర్చుని తనూ ఏరసాగాడు. వాడి పేరు నేను చెప్పను. వాడు చెడ్డవాడు కాడు, తమాషా చేద్దామనుకున్నాడు, అంతే. అందుకే మీకు ఈ సంగతి చెబుతున్నాను.

ఆదివారం మరొక ఫోను. పదేళ్ళ పిల్ల గొంతు. "మా ఊరి పేరు ఇది. రామాలయం వెనక వీధిలో వేపచెట్టు పక్క సందు. మా వంటపాక అంటుకున్నది. లోపల ఎవరూ లేరు. నేను సందు మొదట్లో నిలబడతాను," అన్నది. అడిగినవాటికి జవాబులు చెప్పిన తరవాతే ఫోను పెట్టేసింది. బండి దారి వెతుక్కోకుండా నేరుగా వెళ్ళింది. పాక ఒక పక్క మాత్రమే కాలింది, ఇల్లు దక్కింది.

"మాస్టారూ, ఆ పిల్ల మాకు అయిదు నిమిషాలు ఇచ్చింది. నిన్నటి కుర్రవాడు అరగంట తీసుకున్నాడు," అన్నాడు మా అధికారి.

పిల్లలూ, అగ్నిమాపక కేంద్రం ఫోను నంబరు 101. 112కు చేసినా కబురు అందుతుంది. ముందు మీరు ప్రమాదానికి దూరంగా జరగండి, పెద్దలను పిలవండి, తరవాత ఫోను చెయ్యండి. ఎక్కడో మొదట చెప్పండి, ఏమయిందో తరవాత చెప్పండి, లోపల మనుషులుంటే అదీ చెప్పండి.

ఇవాళ ఒక పని చెయ్యండి. ఊరు తెలియని మనిషికి మీ ఇంటి దారి ఎలా చెబుతారో నాలుగు వాక్యాల్లో రాసి అమ్మకో నాన్నకో చూపించండి. అది చదివి కొత్తమనిషి తిన్నగా మీ గుమ్మానికి రాగలిగితే, మీకు నూటికి నూరు మార్కులు!