సిద్దిపేట రైలుమార్గమును మనోహరాబాదు జంక్షనును

2023వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన సిద్దిపేటకు ప్రయాణికుల రైలు ప్రారంభమయ్యెను. ఆనాడు ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీగారు నిజామాబాదు సభనుండి ఈ మార్గమును దేశమున కంకితము చేసిరి. మనోహరాబాదు మొదలు సిద్దిపేట వరకు ఈ క్రొత్తదారి 76 కిలోమీటర్లు. ఇంత దూరము కట్టలు పోసి, వంతెనలు కట్టి, పట్టాలు పరచుట గొప్ప పనియే. అయినను ఇందు మిక్కిలి మెలకువ కోరునది ఆ దూరము కాదు. మనోహరాబాదువద్ద క్రొత్తదారి పాతదారితో కలియు కొద్దిపాటి స్థలము. ఆ స్థలమువలననే మనోహరాబాదు జంక్షనైనది. జంక్షననగా నేమి, శాఖామార్గ మెట్లు నిర్మింతురు, అచ్చట ప్రయాణికుల ప్రాణము లెట్లు కాపాడబడును అను సంగతులను మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజేయుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదట కొంత చరిత్ర చెప్పవలసియున్నది. నిజాము రాజ్యమున వాడినుండి సికింద్రాబాదు వరకు రైలు 1874లో వచ్చెను. పిమ్మట కాజీపేట, వరంగల్లుల మీదుగా నొక మార్గము 1889 నాటికి బెజవాడ చేరెను. 1900 ప్రాంతమున నిజామాబాదు మీదుగా మన్మాడునకు మరియొక మార్గము వేయబడెను. పటము తీసి చూచినయెడల సిద్దిపేట ఈ రెండు మార్గముల నడుమ, ఏ దారికిని అందక మిగిలిపోయినట్లు కనబడును. సికింద్రాబాదునకు రైలు వచ్చిన 149 సంవత్సరములకు గాని సిద్దిపేటకు రాలేదు.

మన్మాడు మార్గము మొదట మీటరు గేజిది. గేజియనగా రెండు పట్టాల నడిమి వెడల్పు. మీటరు గేజిలో నది 1 మీటరు, బ్రాడు గేజిలో 1,676 మిల్లీమీటర్లు. ఒక గేజి బండి రెండవ గేజిపై నడువదు. గేజి మారుచోట ప్రయాణికులు దిగి వేరుబండి యెక్కవలెను, బస్తాలు దింపి మరల నెత్తవలెను. మన్మాడు మార్గము తరువాత బ్రాడు గేజిగా మార్చబడినది గనుక, నేడు దానినుండి చీలిన శాఖలపై బండ్లు సికింద్రాబాదు వరకు ఆటంకము లేక పోగలవు. ఆ మార్గముననే అక్కన్నపేటనుండి మెదకునకు సుమారు 17 కిలోమీటర్ల శాఖ 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యెను.

సిద్దిపేట శాఖకు 2016 ఆగస్టు 7వ తేదీన గజ్వేలు సమీపమందలి కోమటిబండలో శంకుస్థాపన జరిగెను. దీని పూర్తి సంకల్పము మనోహరాబాదునుండి గజ్వేలు, సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడల మీదుగా కరీంనగరము చేరువనున్న కొత్తపల్లి వరకు సుమారు 151 కిలోమీటర్లు. వ్యయమున మూడవ వంతు రాష్ట్రప్రభుత్వము భరించి, భూమిని ఉచితముగా నిచ్చుటకు ఒడంబడిక జరిగెను. కొత్తపల్లి, పెద్దపల్లి–నిజామాబాదు మార్గముపై నున్నది. శాఖ యచ్చటికి చేరినప్పుడు ఒక కొన మూసియున్న దారిగా నుండక, రెండు మార్గములను కలుపు దారి యగును.

ఇక రెండు మార్గములను కలుపు విధములు రెండు కలవు. హైదరాబాదు నగరమున 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో రైలును చూచినవారికి అమీరుపేట స్టేషను తెలియును. అచ్చట మియాపూరు–ఎల్‌.బి. నగరు మార్గమును, నాగోలు–రాయదుర్గము మార్గమును ఒకదానిపై నొకటి దాటును. బండ్లు దారి మారవు. ప్రయాణికులే మెట్లెక్కి దిగి మారుదురు. నగరములో కొన్ని నిమిషముల కొక బండి వచ్చుచుండును. పట్టాలు ఒకే మట్టమున కలసినయెడల ఒకబండికై మరియొకటి ఆగవలసివచ్చి, ఒకచోటి యాలస్యము మార్గమంతటను వ్యాపించును. అందుచేత నగరములలో ఖర్చు హెచ్చైనను మార్గములను వేరుచేయుదురు. పల్లెప్రాంతపు శాఖపై బండ్లు స్వల్పము. మూటలతోను, పసిపిల్లలతోను వచ్చు ప్రయాణికులకు దిగి యెక్కు శ్రమలేకుండ బండియే దారిమారుట మేలు. మనోహరాబాదులో జరుగునది ఈ రెండవ విధము.

శాఖామార్గమునకు మొదట కావలసినది భూమి. రైలుదారి యెడ్లబండిబాటవలె గుట్టనెక్కి వాగులో దిగి పోజాలదు. ఉక్కుచక్రము ఉక్కుపట్టాపై సులువుగా దొరలును. ఆ సులువే యెక్కుడులో కష్టమగును, చక్రము పట్టుచాలక జారును. కావున 100 మీటర్ల దూరమునకు 1 మీటరు ఎత్తు లేచినను అది రైలునకు గట్టియెక్కుడే. ఈ కారణమున మెరకను త్రవ్వి, పల్లమున కట్టపోసి, వాననీటికి తూములుంచి, మలుపులను విశాలముగా త్రిప్పుదురు. ఆ గీత యెవరి చేనిమీదుగా పోవునో వారు చేనిని విడువక తప్పదు. మనము కిటికీప్రక్కన కూర్చుండి చూచు ప్రతి కట్టక్రిందను ఒకప్పుడు దున్నిన నేల కలదని మరువరాదు.

కట్టను దిమ్మిసచేసి, దానిపై కంకర పోసి, సుమారు 60 సెంటీమీటర్లకొకటి చొప్పున కాంక్రీటు స్లీపర్లు పరతురు. లెక్క వచ్చిన బాలురు 76 కిలోమీటర్లకు ఎన్ని కావలెనో కట్టి చూడవచ్చును. 1,26,000కు పైగా వచ్చును. కంకర బండిబరువును నేలపై సమముగా పంచును, వాననీటిని నిలువనీయక జార్చును.

ఇప్పుడు జంక్షనునకు వత్తము. రైలుచక్రమునకు లోపలివైపున ఒక యంచు పొడుచుకొని యుండును. అది పట్టాకు లోపలిప్రక్కగా నడచుచు చక్రమును దారి తప్పనీయదు. ఎడ్లబండివాడు పగ్గము లాగి బండిని త్రిప్పును. రైలుడ్రైవరు చేతిలో అట్టి సాధనమేదియు లేదు. అతడు వేగము హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును, బండి నాపవచ్చును. ఎటు పోవలెనో నిర్ణయించునది నేలమీది పట్టాయే.

దారిచీలుచోట, కదలని రెండు పట్టాల నడుమ, కత్తివలె కొనదేరిన రెండు కదలెడు పట్టాలుండును. వీనిని నాలుకలనవచ్చును. ఈ యమరికను పాయింట్లందురు. నాలుకలు రెండును కడ్డీలచే బంధింపబడి కలసి కదలును. ఒకటి తనప్రక్క పట్టాకు ఒత్తుకొనినప్పుడు రెండవది తనప్రక్క పట్టాకు ఎడముగా నుండును. బండి నేరుగా పోవును. నాలుకలను రెండవవైపునకు జరిపినయెడల బండి శాఖకు మరలును. కొంచెము ముందునకు పోగా, ఎడమదారి యొక్క కుడిపట్టాయు, కుడిదారి యొక్క యెడమపట్టాయు ఒకదానినొకటి దాటును. చక్రపుటంచు పోవుటకై అచ్చట సందు విడువవలెను. ఆ సందులో చక్రము దారితప్పకుండుటకు ఎదుటిపట్టా ప్రక్కన కాపుపట్టా నొకటి బిగింతురు. 12 అడుగులు ముందునకు పోవునప్పటికి 1 అడుగు ఎడమగునట్లు చీలిన పాయింట్లపై, బండి ప్రక్కదారికి మరలునప్పుడు మనదేశమున సామాన్యముగా గంటకు 30 కిలోమీటర్లకు మించనీయరు. స్టేషనువద్ద బండి నెమ్మదించి ఒకప్రక్కకు ఊగుటకు కారణమిదియే.

నాలుక పట్టాకు పూర్తిగా ఒత్తుకొననిచో చక్రపుటంచు ఆ సందున దూరి బండి పడిపోవును. అందుచేత నడుమ 5 మిల్లీమీటర్ల బిళ్ల నుంచి పాయింట్లను పరీక్షింతురు. అంత సందున్నను తాళము పడరాదు. తాళము పడనిది సిగ్నలు పచ్చదీపము చూపరాదు. ఇట్లు పాయింట్లను, సిగ్నళ్లను, గేట్లను ఒకదానితో నొకటి ముడివేయుటకే ఇంటర్‌లాకింగని పేరు. ఇంగ్లండులో జాన్‌ శాక్స్‌బీ యనునతడు 1856లో ఇట్టి యంత్రమునకు పేటెంటు పొందెను. దారి సరిగా అమరియుండవలెను, దానిమీద మరియొక బండి యుండరాదు, గేటు మూసియుండవలెను, ఎదురుపడు బండ్లకు ఎఱ్ఱదీపముండవలెను. ఇవన్నియు నెరవేరిన పిమ్మటనే పచ్చదీపము.

పట్టాలపై బండి యున్నదో లేదో తెలిసికొనుటకు ఒక చక్కని యుపాయము కలదు. పట్టాలగుండ స్వల్పమైన విద్యుత్తు ప్రవహింపజేయుదురు. బండి వచ్చినప్పుడు దాని చక్రములును ఇరుసును రెండు పట్టాలను కలుపుటచే విద్యుత్తు ఆ యడ్డదారిన పోవును. సిగ్నలును పచ్చగా నుంచు శక్తి అందక అది ఎఱ్ఱబారును. తీగ తెగినను, పట్టా విరిగినను, విద్యుత్తు ఆగినను ఫలము అదియే. సందేహమున్నచోట ఆగుమనునదే రైలు సిగ్నళ్లకు మూలసూత్రము.

ఈ సూత్రము ఊరక రాలేదు. 1889 జూను 12వ తేదీన ఐర్లండులోని ఆర్మా పట్టణమునుండి మెథడిస్టు ఆదివారపు బడి పిల్లలును, వారి పెద్దలును సముద్రతీరమునకు విహారముగా రైలులో బయలుదేరిరి. బండి యెక్కుడున ఆగిపోగా, దానిని రెండుగా విడదీసి ముందుభాగమును తీసికొనిపోవ యత్నించిరి. బ్రేకులు చాలక వెనుకపెట్టెలు పల్లమునకు జారి, అదేపట్టాపై వచ్చుచున్న మరియొక బండిని ఢీకొనెను. 80 మంది మరణించిరి. వారిలో పిల్లలనేకులు. ఆ కాలమున ఆ మార్గముపై బండికి బండికి నడుమ కొన్ని నిమిషములు విడుచుటయే రక్షణ. అదే సంవత్సరము బ్రిటిషు పార్లమెంటు చట్టము చేసి, ప్రయాణికుల మార్గములపై ముందుబండి ఒక భాగమును విడిచిన తరువాతనే రెండవదానిని రానీయవలెననియు, ఇంటర్‌లాకింగును, బండి తెగినను తమంతట తాము పట్టు బ్రేకులును ఉండవలెననియు నిర్బంధించెను.

యంత్రములున్నంతమాత్రమున భయము తొలగినదనుకొనరాదు. సిద్దిపేట రైలు ప్రారంభమగుటకు నాలుగు నెలలు ముందు, 2023 జూను 2వ తేదీన, ఒడిశాలోని బాలాసోరు జిల్లా బహనాగా బజారు స్టేషనువద్ద కోరమండల్‌ ఎక్స్‌ప్రెసునకు నేరుగా పొమ్మని సిగ్నలు చూపబడెను. పాయింట్లుమాత్రము ప్రక్కదారికి అమరియుండెను. బండి ఆ దారిన నిలిచియున్న గూడ్సుబండిని ఢీకొనెను. 290 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. పూర్వము చేసిన తీగమార్పులలోను, గేటుకై అప్పుడు చేసిన మార్పులలోను లోపములున్నట్లు విచారణలో తేలెను. యంత్రము తనంతట తాను అబద్ధమాడదు. తీగలు కలిపినవాడు పరీక్షింపక పరీక్షించితినన్న నాడే అది అబద్ధము చెప్పును.

అందుకే మనదేశమున క్రొత్తమార్గమును ప్రయాణికులకు తెరచుటకు ముందు రైల్వే భద్రతాకమిషనరు తనిఖీ చేయవలెనని చట్టము. ఈ యధికారి రైల్వేశాఖకు గాక పౌరవిమానయానశాఖకు లోబడి యుండును. పనిచేసినవారే తమ పనికి సాక్ష్యము చెప్పుకొనకుండుటకు ఈ యేర్పాటు.

ప్రియ విద్యార్థులారా! మీలో కొందరు ఈ రైలుననే పై చదువులకు పోవుదురు. కొందరు ఇంజినీర్లును, డ్రైవర్లును, సిగ్నలు పనివారును కాగలరు. గేటు మూసియున్నప్పుడు దూరిపోవుట, పట్టాలవెంట నడచుట, పట్టాపై రాళ్లుంచుట ఎన్నడును చేయకుడు. వేగముగా వచ్చు బండి బ్రేకు వేసినను చాలదూరము పోయిగాని నిలువదు. ఇక మీలో నెవరికైనను ఆ తీగలు కలుపు పని లభించినయెడల, ఎవరు చూడకున్నను బిగించిన ప్రతి మరను మరల నొకమారు పరీక్షించుడు. రాత్రివేళ పెట్టెలలో నిద్రించువారు మిమ్ము నెరుగరు. అయినను మీ మాటను నమ్మియే వారు నిద్రింతురు.