1.31 మార్కుల తగువు

ఫిగర్ స్కేటింగ్ అంటే మొదట్లో నాకేమీ తెలియదు. మంచు మీద డాన్సు, తళుకుల బట్టలు, అంతే అనుకునేదాన్ని. న్యూజెర్సీ వచ్చాక మా అమ్మాయి ఎవరిదో పుట్టినరోజు పార్టీకని ఐస్ రింక్‌కి వెళ్ళి, ఇంటికి రానని మొండికేసింది. అలా మొదలైంది మా అవస్థ. వారానికి మూడు రోజులు తెల్లవారుజామునే లేచి, స్వెట్టర్ మీద కోటు, కోటు మీద శాలువా కప్పుకుని ఆ రింక్ బెంచీ మీద కూర్చునేదాన్ని. పక్కన ఎప్పుడూ ఒకావిడే. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చిన రష్యన్. వాళ్ళబ్బాయి మా పిల్లకంటే రెండేళ్ళు పెద్ద. ఆవిడ ఫ్లాస్కులో టీ తెచ్చేది, నేను జంతికలు పట్టుకెళ్ళేదాన్ని. ఆక్సెల్ అంటే ఏమిటో, లుట్జ్ అంటే ఏమిటో నాకు నేర్పింది ఆవిడే.

2010 ఫిబ్రవరిలో వాంకూవర్ ఒలింపిక్స్ వచ్చాయి. ఆ వారం పిల్లలకి సెలవులు. మగవాళ్ళ ఫైనల్ 18వ తేదీ, గురువారం రాత్రి. మా దగ్గర అర్ధరాత్రి దాకా సాగుతుంది. "మా ఇంటికి రండి, కలిసి చూద్దాం" అన్నాను. కొడుకుని తీసుకుని వచ్చింది. క్యాబేజీ కూరిన పిరోష్కీలు పెద్ద పింగాణీ గిన్నెనిండా తెచ్చింది. నేను పులిహోర కలిపాను. మావారు పది గంటలకే సోఫాలో గురక మొదలుపెట్టారు.

ఆ రాత్రి ఏం జరుగుతుందో లోకమంతటికీ ముందే తెలుసు అనుకున్నాం. యెవ్‌గెనీ ప్లుషెంకో గెలుస్తాడు. 2002లో వెండి, 2006లో బంగారం. ఆ తర్వాత మూడేళ్ళకి పైగా పోటీలకి దూరంగా ఉండి, మళ్ళీ వచ్చాడు. గెలిస్తే వరుసగా రెండు ఒలింపిక్ బంగారాలు. మగవాళ్ళలో 1948, 1952లలో డిక్ బటన్ తర్వాత ఎవరికీ దక్కని ఘనత అది. పైగా 1992 నుంచి 2006 దాకా ఐదు ఒలింపిక్స్‌లోనూ ఈ బంగారం పాత సోవియట్ దేశం నుంచి వచ్చినవాళ్ళకే వెళ్ళింది. మా రష్యన్ ఆవిడకైతే ఇతను సొంత ఊరివాడి కింద లెక్క. పుట్టింది ఎక్కడో దూరాన అయినా, 11 ఏళ్ళప్పుడు పీటర్స్‌బర్గ్ వచ్చి అలెక్సీ మిషిన్ అనే గురువు దగ్గర పెరిగాడు కదా.

ప్లుషెంకో దగ్గరున్న ఆయుధం క్వాడ్. గాల్లో నాలుగు చుట్లు తిరిగి, వెనక్కి జారుతూ ఒంటికాలి మీద దిగడం. మొత్తం వ్యవహారం సెకను కూడా పట్టదు. దానికి వెంటనే మూడు చుట్ల గెంతు ఒకటి తగిలిస్తాడు. అమెరికా కుర్రాడు ఇవాన్ లైసాచెక్ దగ్గర క్వాడ్ లేదు. ముందు సంవత్సరం ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు కానీ, అది కూడా క్వాడ్ లేకుండానే. మొదటి రోజు షార్ట్ ప్రోగ్రామ్ అయ్యేసరికి ప్లుషెంకోకి 90.85, లైసాచెక్‌కి 90.30, జపాన్ కుర్రాడు దైసుకె తకహాషికి 90.25. ముగ్గురి మధ్యా ఒక్క మార్కు తేడా కూడా లేదు.

చివరి గుంపులో లైసాచెక్ మొదట వచ్చాడు. నల్లటి దుస్తులు, ముఖంలో ఏ భావమూ లేదు. సంగీతం షెహరజాద్. అది రష్యా సంగీతకారుడు రిమ్‌స్కీ-కోర్సకోవ్‌దని ఆవిడే చెప్పి నవ్వింది, "మా పాట మీదే మమ్మల్ని ఓడిద్దామనే!" అంటూ. ఒక్క తప్పు లేకుండా చేశాడు. ప్రతి గెంతూ శుభ్రంగా దిగాడు. ఆఖర్న పిడికిళ్ళు బిగించి అరిచాడు. మా అమ్మాయీ అరిచింది. మావారు ఉలిక్కిపడి లేచి "ఏమైంది?" అని మళ్ళీ పడుకున్నారు.

చివరివాడు ప్లుషెంకో. క్వాడ్-ట్రిపుల్ దిగాడు. కానీ తర్వాత గెంతుల్లో ఒకటి రెండు చోట్ల గాల్లో ఒంగిపోయాడు. పడతాడనుకున్నవాడు పిల్లిలా ఎలాగో కాళ్ళ మీద నిలబడ్డాడు. ఎక్కడా పడలేదు. అయిపోగానే వేలు పైకెత్తి నేనే నంబర్ వన్ అన్నట్టు చూపించాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

మార్కులు వచ్చాయి. లైసాచెక్ 257.67. ప్లుషెంకో 256.36.

నేనూ, మా అమ్మాయీ ఎగిరి గంతేశాం. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో పక్కన ఎవరున్నారో నాకు గుర్తే లేదు. తిరిగి చూసేసరికి ఆవిడ కొడుక్కి కోటు తొడుగుతోంది. "పొద్దుపోయింది" అంది. అంతే. పింగాణీ గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయింది.

మర్నాటి నుంచి చూడాలి గొడవ! అమెరికాలో సంబరం. 1988లో బ్రయాన్ బోయిటానో తర్వాత అమెరికా మగవాళ్ళకి ఇదే మొదటి బంగారం. లైసాచెక్ గురువు ఫ్రాంక్ కారల్ కోసం కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎన్నో ఏళ్ళు ఎందరినో తయారుచేసి, మిషెల్ క్వాన్ అంతటి అమ్మాయికి కూడా ఒలింపిక్ బంగారం తెప్పించలేకపోయిన ముసలాయన చివరికి గెలిచాడని.

రష్యాలో మాత్రం ఇంట్లో దొంగలు పడ్డంత గోల. ప్లుషెంకో పతకాల వేదిక దగ్గరకి వచ్చి, బంగారు మెట్టు మీద కాలుపెట్టి దాటుకుంటూ వెళ్ళి వెండి మెట్టు మీద నిలబడ్డాడు. క్వాడ్ లేకపోతే అది మగవాళ్ళ స్కేటింగ్ కాదు, డాన్సు అన్నాడు. అప్పటి ప్రధాని పుతిన్, నీ వెండి బంగారంతో సమానమని టెలిగ్రామ్ కొట్టారు. ప్లుషెంకో వెబ్‌సైట్‌లోనైతే ఆయన పతకాల పట్టికలో 'ప్లాటినం' పతకం కూడా కనిపించింది. ఇది కాస్త ఎక్కువే అనిపించింది నాకు. గెంతుల పోటీయే అయితే ఒక్కొక్కరికి పది సెకన్లిచ్చి ఒకే గెంతు చేయమనేవారు, కానీ మాది నాలుగు నిమిషాల 40 సెకన్ల ప్రోగ్రామ్ అని లైసాచెక్ జవాబు చెప్పాడు. నేను ఆ మాట మావారికి, పక్కింటి గుజరాతీలకి, ఆఫీసులో అందరికీ చెప్పాను.

అయితే ఇది రష్యా-అమెరికా జెండాల తగువు ఒక్కటే కాదని త్వరలోనే తెలిసింది. కెనడా మాజీ ఛాంపియన్ ఎల్విస్ స్టోయ్‌కో, రెండుసార్లు ఒలింపిక్ వెండి గెలిచినవాడు, ఆ రాత్రి ఫిగర్ స్కేటింగ్‌ని చంపేశారన్నంత ఘాటుగా రాశాడు. మా రింక్‌లో అమెరికన్ తండ్రులు కొందరు ఆయన పక్షమే. కోచ్‌లు ఎక్కువమంది లైసాచెక్ పక్షం. లాకర్ గదిలో 12 ఏళ్ళ పిల్లలు కూడా వాదించుకునేవాళ్ళు.

ఆవిడ మాత్రం బెంచీకి రాలేదు. కొడుకుని దింపి కారులో కూర్చునేది.

నాది లెక్కలు చూసే ఉద్యోగం. నాకొచ్చిన ఒకే ఒక్క విద్యతో రాజీ చేసుకుందామనుకున్నాను. స్కేటింగ్ సమాఖ్య వాళ్ళు ప్రతి గెంతుకీ ఎంత వేశారో కాగితాలు బయటపెడతారు. ప్రింటు తీసి, డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని కూర్చున్నాను. చూస్తే ఆశ్చర్యం. కళాత్మకతకి వేసే మార్కులు ఫైనల్లో ఇద్దరికీ ఒకటే, 82.80! జడ్జీలు అందానికి ఓటేశారన్న మాట అబద్ధమన్నమాట. తేడా అంతా గెంతులు, చుట్ల లెక్కలోనే. అందులోనూ ఎంచుకున్న అంశాల అసలు విలువ ప్లుషెంకోదే కాస్త ఎక్కువ. అతనిది 75.03, ఇతనిది 74.93. క్వాడ్ ఉన్నా పదో వంతు మార్కే తేడా! ఎందుకంటే ప్రోగ్రామ్ రెండో సగంలో, ఒళ్ళు అలిసిపోయాక చేసే గెంతులకి అప్పట్లో 10 శాతం అదనం ఉండేది. లైసాచెక్ ఐదు అటు తోశాడు, ప్లుషెంకో మూడే పెట్టాడు. ఆపైన ఎంత చక్కగా చేశారన్నదానికి వేసే మార్కులు ఇతనికి 9.64, అతనికి 7.68. అక్కడ పోయింది బంగారం.

అరిసెలు చేశాను. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. అరిసెలు గిన్నెలో పెట్టి, కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళి ఆవిడ కారు అద్దం మీద తట్టాను. లోపల కూర్చోమంది. కాగితాలు చివరిదాకా ఓపిగ్గా చదివింది.

"లెక్క తప్పని నేనెప్పుడన్నాను? లెక్కే అన్యాయం అంటున్నాను" అంది.

అప్పుడు చెప్పింది 2002 సంగతి. సాల్ట్ లేక్ సిటీలో జంటల పోటీలో రష్యా జంట బెరెజ్నాయా, సిఖరులిద్జె బంగారం గెలిచారు. ఫ్రెంచి జడ్జి మీద ఒత్తిడి వచ్చిందని గొడవ రేగి, కొన్ని రోజులకి కెనడా జంటకి కూడా బంగారం ఇచ్చారు. ఆ రభస తర్వాతే 6.0 మార్కుల పాత పద్ధతి తీసేసి ఈ పాయింట్ల పద్ధతి తెచ్చారు. పైగా అప్పట్లో ఏ మార్కు ఏ జడ్జి వేశాడో పేరు కనబడనిచ్చేవాళ్ళు కాదు. "మా వాళ్ళని తప్పుబట్టి పుట్టించిన పద్ధతి ఇది. ఇందులో ఓడిపోతే మాకు ఎలా ఉంటుందో నీకు తెలియదు" అంది. వాంకూవర్‌లో మగవాళ్ళ ఫైనల్‌కి మూడు రోజుల ముందే జంటల బంగారం చైనాకి పోయింది. 1964 నుంచి ఒక్కసారి కూడా చేజారని పతకం అది. నేను మా టీవీ ముందు గంతులేసిన రాత్రి ఆవిడకి అదంతా మీద పడి ఉంది. నాకు తెలియదు. తెలిసినా గంతేసేదాన్నేమో, అది వేరే సంగతి.

ఇంకో మాట కూడా అంది. "పడిపోతానని తెలిసీ గెంతేవాడికి ఏమీ లేకపోతే, రేపు నా కొడుకు ఎందుకు గెంతాలి?"

ఆ ప్రశ్న మా ఇంటికే వచ్చింది. మార్చిలో పిల్లలకి చిన్న పోటీ. మా అమ్మాయికి సింగిల్ ఆక్సెల్ ఐదుసార్లలో ఒకసారి కుదిరేది. కోచ్ వదిలేయమన్నారు. నేనూ వదిలేయమన్నాను. "ఇవాన్ కూడా క్వాడ్ వదిలేశాడుగా" అంది అదే ముందు. మిగతావి ముత్యాల్లా చేసింది. రెండో స్థానం. ఆవిడ కొడుకు డబుల్ ఆక్సెల్ ప్రయత్నించాడు. ఘోరంగా పడ్డాడు. లేచి రెండోసారీ ప్రయత్నించి మళ్ళీ పడ్డాడు. ఆఖరి స్థానం. ఆవిడ లేచి నిలబడి, చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టింది. మా పిల్ల మెడలో పతకం వేసుకుని నా పక్కన కూర్చుని, ఆ అబ్బాయినే చూస్తూ ఉండిపోయింది. కారులో ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న ప్రాక్టీసులో ఆక్సెల్ 23 సార్లు వేసింది. లెక్క నేనే పెట్టాను. 19 సార్లు పడింది. మోకాళ్ళకి ఐస్ పెడుతుంటే నాకు ప్లుషెంకో మీద పీకలదాకా కోపం వచ్చింది.

ఆ ఏడాదే నియమాలు మార్చారు. క్వాడ్ టో లూప్ విలువ 9.8 నుంచి 10.3కి పెంచారు. చుట్టు కాస్త తక్కువైతే మునుపటిలా మార్కులన్నీ కోసేయకుండా, 70 శాతం దాకా ఇచ్చే ఏర్పాటు చేశారు. ఫోన్ ఎత్తగానే ఆవిడ గొంతు, "చూశావా!" అని. నేను ఒప్పుకున్నాను. ఆ తర్వాత క్వాడ్ల వరద వచ్చింది. 2018లో ప్యాంగ్‌చాంగ్‌లో అమెరికా కుర్రాడు నాథన్ చెన్ షార్ట్ ప్రోగ్రామ్‌లో కుప్పకూలి 17వ స్థానానికి పడిపోయి, ఫైనల్లో ఆరు క్వాడ్లు దింపి ఐదో స్థానానికి లేచాడు. లైసాచెక్ వాంకూవర్‌లో చేసిన ప్రోగ్రామ్ అక్కడ చేసి ఉంటే పతకాల దరిదాపుల్లోకి వచ్చేది కాదు. ఇంకా నేను ఆ ప్రోగ్రామే ఎక్కువసార్లు చూస్తాను. ఎక్కడ ఏ అడుగు పడుతుందో నాకు కంఠతా వచ్చు.

అతను వాంకూవర్ తర్వాత మళ్ళీ పోటీలో దిగనే లేదు. సోచీకి వద్దామని ప్రయత్నించాడు, గాయం రానివ్వలేదు. ప్లుషెంకో 2014లో సోచీ వచ్చాడు. టీమ్ బంగారం గెలిచాడు. నాలుగు రోజులకి సింగిల్స్‌లో వార్మప్ చేస్తూ ఒక గెంతు దిగి, నడుం పట్టుకున్నాడు. రిఫరీ దగ్గరకి వెళ్ళి ఏదో చెప్పి, జనం వైపు చేతులూపి వెళ్ళిపోయాడు. మాకు అది పగటిపూట. ఆఫీసు మెట్ల మీద నిలబడి ఆవిడకి ఫోన్ చేశాను. ఎత్తింది. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఇవాన్ కూడా ఉండి ఉంటే బావుండేది" అంది చివరికి.

పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్ళిపోయాక రింక్‌కి వెళ్ళే పనిలేదు. ఆవిడ పెన్సిల్వేనియా మారిపోయింది. పింగాణీ గిన్నె మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, అంచు దగ్గర చిన్న బీటతో. ఇప్పుడది మా వంటింట్లో ఉంది. ఈసారి వంతు నాది. బెల్లం పాకం పట్టాలి.